ఇరవయ్యో వంతు

ఆక్లండ్‌లోని శాండ్రింగ్‌హామ్‌లో ఒక దోసెల షాపు ఉంది. రెండోసారి చట్నీ అడిగితే డాలర్ వేస్తారు. కొబ్బరి చట్నీకి! దోసె తినేవాడికి చట్నీ అదనపు సౌకర్యమా? నాకు ఒళ్ళు మండుతుంది. అయినా వెళ్తూనే ఉంటాను. ఎందుకు వెళ్తానన్నది మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్ళు మోశాను. నేనెవరో మీకు తెలీదు కాబట్టి మీకూ చెప్పేస్తాను.

నేను పోకర్ ఆడతాను. పేకాట అనగానే మనవాళ్ళకు ఇల్లు అమ్ముకున్న మనిషి కనిపిస్తాడు. నేను ఆ బాపతు కాదు. ఆడే డబ్బు వేరు, తినే డబ్బు వేరు. ఆడే డబ్బులో ఇరవయ్యో వంతుకు మించి ఒక టేబుల్ మీద పెట్టను. డబ్బు తగ్గితే సిగ్గుపడకుండా తక్కువ పందేల చిన్న టేబుల్‌కి దిగిపోతాను. ఇంటి లోన్ తీసుకున్నవాళ్ళలో కూడా ఇంత జాగ్రత్తపరులు తక్కువ. ఈ పద్ధతి మీద నాకిప్పటికీ గౌరవమే. దానికి క్షమాపణ చెప్పను.

2013లో ఆక్లండ్‌లో మా తెలుగువాళ్ళం కొందరం చీటీ కట్టేవాళ్ళం. నడిపేది నేను. లెక్కలమనిషినని పేరు. ప్రతినెలా పాట. ఎక్కువ వదులుకున్నవాళ్ళకు ఆ నెల చీటీ, వాళ్ళు వదులుకున్నది మిగతావాళ్ళకు పంపకం. పాటలన్నీ ఫోన్‌లో నాకే చెప్పేవాళ్ళు. ఎవరెంత పాడారని అడిగినవాళ్ళు లేరు.

వసూలైన డబ్బు పాట అయ్యేదాకా నా అకౌంట్‌లో ఉండేది. అది మెల్లగా నా ఆడే డబ్బులో కలిసిపోయింది. కలిసిపోవడమేమిటి, నేనే కలిపాను. అది కలిస్తేనే పెద్ద టేబుల్‌కి ఇరవయ్యో వంతు లెక్క సరిపోతుంది. రూల్ మాత్రం తప్పలేదు, గమనించండి.

ఆ నెల శీను ఫోన్ చేశాడు. కడప కుర్రాడు, చదువుకునే రోజుల్లో నా ఫ్లాట్‌మేట్. పెట్రోల్ బంకులో పనిచేస్తూ సొంతంగా ఏదైనా పెట్టాలని తపించేవాడు.

“అన్నా, శాండ్రింగ్‌హామ్‌లో దోసెల షాపు అమ్ముతాండారంట. శుక్రవారం దాకే టైము. ఈ నెల చీటీ నాకే కావాల, పాట ఎంతైనా పర్లేదు.”

“పాట అయిపోయిందిరా. పొద్దున్నే మా బామ్మర్ది పాడేసుకున్నాడు.”

“ఆయన్ని నేను అడుక్కుంటాలే, ఒక్క నెల మార్చుకోమని.”

“వద్దురా, వాళ్ళకేదో అవసరం.”

“అట్నా... సర్లేన్నా. ఎవురి అవసరం వాళ్ళకుంటాది గదా.”

బామ్మర్ది ఆ పొద్దున హాబ్సన్‌విల్‌లో కొత్త ఇంటి ముందు గడ్డి పరిపించుకుంటున్నాడు. పాట సంగతే ఎరగడు.

నేను డబ్బు పోగొట్టుకుని అబద్ధమాడానా? లేదు. మొత్తం అకౌంట్‌లోనే ఉంది. ఇచ్చేస్తే కొన్నాళ్ళు చిన్న టేబుల్ దగ్గర కూర్చోవాలి. అంతే. సిగ్గుపడకుండా దిగిపోతానని పైన రాసింది నేనేనా? పాడని పాటలో బామ్మర్ది వదులుకున్నట్టు చూపించిన డబ్బులో శీను వాటా కూడా నా జేబులోంచి పంపాను. థాంక్స్ అన్నా అని మెసేజ్ పెట్టాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు.

షాపు వేరేవాళ్ళు కొన్నారు. మరుసటి నెల చీటీ ఎత్తుకుని శీను టాక్సీ కొన్నాడు. ఇప్పటికీ టాక్సీయే. డబ్బు విషయంలో సలహా కావాలన్నవాళ్ళని నా దగ్గరికే పంపుతాడు.

పోయిన ఆదివారం ఆ షాపులోనే చట్నీ డాలర్ మీద నేను సణుగుతుంటే, “మరెందుకు వస్తారు ఇక్కడికి?” అంది మా ఆవిడ. ఏమైందో, మొత్తం చెప్పేశాను. ఛాతీ మీదనుంచి ఏదో దిగినట్టయింది. ఆ ఊపులో, కొంచెం గర్వంగానే, అందరి చీటీలూ టైముకి చెల్లించానని, ఒక్క డాలర్ కూడా పోలేదని అన్నాను.

ఆవిడ ఆఖరి ముక్క చట్నీలో ముంచుకుంది.

“పోయుంటే, విధిలేక ఆ రోజే శీనుకి నిజం చెప్పేవాళ్ళు మీరు.”