ఆరు చెంబులు నాలుగయ్యేదాకా

2003 వానాకాలం, నాట్లు వేస్తూ ఒంగిన నా భార్య సైదమ్మ మళ్ళీ నిటారుగా లేవలేకపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టారు. అప్పుడామెకు ముప్పై నాలుగేళ్ళు. మాది మాడుగులపల్లి దగ్గరి ఊరు. నేను మిర్యాలగూడ రైస్ మిల్లులో ధాన్యం తూకం వేస్తాను. చదివింది ఏడో తరగతి. లెక్కలు కాంటా దగ్గర నిలబడి నేర్చుకున్నాను.

మిర్యాలగూడ డాక్టర్ నడుము పట్టేసిందన్నాడు. కడుపులో మంట కూడా ఉందంటే నీళ్ళు కాచి తాపమన్నాడు. ఆ మాటే పట్టుకున్నాను. ఎంత ఎక్కువ కాస్తే అంత శుభ్రం అనుకున్నాను. ఆరు చెంబుల బోరు నీళ్ళు పోసి, నాలుగు మిగిలేదాకా కట్టెలు ఎగదోసేవాణ్ణి. అవి సైదమ్మకు మాత్రమే. నేను కాచని నీళ్ళే తాగేవాణ్ణి. నాలుగేళ్ళు ఒక్క రోజు తప్పలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు తమ మొగుళ్ళకు నన్ను చూపించేవాళ్ళు.

ఆమెకు తగ్గలేదు. మోకాళ్ళు బిగుసుకున్నాయి. మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిరగాలి. 2005లో సూర్యాపేట ఎముకల డాక్టర్ ఆర్థరైటిస్ అని పెయిన్ కిల్లర్స్ రాశాడు. రెండేళ్ళు మింగితే కడుపులో పుండు పడింది. నేనింకా శ్రద్ధగా కాచాను.

2007లో కోదాడ తీసుకెళ్ళాను. అక్కడి డాక్టర్ ముంజేతికి, వెన్నుకు ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పట్టి చూపించాడు.

"ఇది ఆర్థరైటిస్ కాదండీ. స్కెలిటల్ ఫ్లోరోసిస్, నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకలకు పట్టింది. ఏం నీళ్ళు తాగుతున్నారు?"

కాచిన నీళ్ళేనని గర్వంగానే చెప్పాను. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదన్నాడు. ఆ నీళ్ళు వెంటనే మానేయమని, కాల్షియం బిళ్ళలు రాసి, నీళ్ళ మీద పనిచేసే ఒక సైంటిస్టు మేడమ్‌తో ఫోన్లో మాట్లాడించాడు.

ఆమె పర్యావరణ శాస్త్రవేత్త. వారం తిరక్కుండా మా ఇంటికి వచ్చింది. బోరును చూడగానే ఆగి, తన నోటుబుక్కు తిరగేసింది. ఆ బోరు నీళ్ళను మూడేళ్ళ కిందటే పరీక్ష చేసిందట. లీటరుకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. ఒకటిన్నర దాటకూడదు.

"గప్పుడే ఎర్కయితే మాకెందుకు చెప్పలే?" అన్నాను.

"ఆఫీసుకు రిపోర్టు ఇచ్చానండీ."

"ఆఫీసు తాగుతదా ఈ నీళ్ళు? సైదమ్మ తాగుతది. సైదమ్మకు ఇచ్చినవా రిపోర్టు?"

ఆమె నోటుబుక్కు మూసి, కాస్తే ఎన్ని నీళ్ళు మిగిలేవని అడిగింది. చెప్పాను. ఆవిరితో నీళ్ళే పోతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుందని చెప్పి ఆగిపోయింది. మిగతా లెక్క నేనే కట్టుకున్నాను. ఆరు మూళ్ళు పద్దెనిమిది. నాలుగుతో భాగిస్తే నాలుగున్నర. నేను మూడు తాగుతూ నా భార్యకు నాలుగున్నర తాపాను. నాలుగేళ్ళు, నా చేత్తో.

ఆ రోజు మేడమ్‌ను వాకిలి దాటేదాకా తిట్టాను. నన్ను నేను తిట్టుకోవలసినవి కూడా ఆమె మీదే పడ్డాయి.

మరుసటి ఏడు మళ్ళీ వచ్చింది, భుజాన కెమెరాతో. ఉద్యోగం మానేసిందట. మీరన్న మాట తర్వాత ఇంకో రిపోర్టు రాయలేకపోయానని, డాక్యుమెంటరీ తీస్తున్నానని చెప్పింది. నేను ఎలా కాచానో కెమెరా ముందు చేసి చూపమంది. ఒప్పుకోలేదు. నా తప్పును ఊరూరా తిప్పుతుందా అని ఒళ్ళు మండింది.

సైదమ్మ మంచంలోంచే అంది: "కాసినప్పుడు అందరికి చెప్పుకున్నవ్ కదనయ్యా, ఇప్పుడెందుకు సిగ్గు? తియ్యి బిడ్డా. ఈయన తెలివి అందరు సూడాలె."

కాచాను. కాచకముందొకసారి, కాచాక ఒకసారి మేడమ్ పరీక్ష చేసింది. నా నాలుగున్నర తప్పలేదు. లెక్క సరిపోయినందుకు నేను ఏడ్చింది ఆ ఒక్కసారే.

2009లో ఆ డాక్యుమెంటరీని మా బడి గోడ మీద వేశారు. ముందు కుర్చీలో కూర్చున్న నీళ్ళ శాఖ అధికారి లేచి, ఊరిని బదనాం చేస్తున్నారన్నాడు. ఒక ముసలామె ఆయన్ను పట్టించుకోకుండా నా దగ్గరకొచ్చింది.

"నా మనుమరాలికి గిట్లనే కాసి తాపుతున్న. బంద్ చెయ్యాల్నా?"

"ఇయ్యాలనే బంద్ చెయ్యి, అత్తా" అన్నాను. తర్వాత ఆ అధికారిని మంచినీళ్ళు ఏ తారీఖుకు ఇస్తారని అడిగాను. త్వరలో, అన్నాడు. త్వరలో అనేది అంకె కాదన్నాను.

ఇది 2014. కోదాడ డాక్టర్ బోరు నీళ్ళు మానేయమన్నప్పటి నుంచీ, శుద్ధి చేసిన కాలువ నీళ్ళు మిర్యాలగూడ నుంచి రోజూ నేనే క్యాన్లో తెస్తున్నాను. సైదమ్మకు నొప్పి సగానికి తగ్గింది. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా పోయి వస్తుంది. మెడ మాత్రం కొంచెమే తిరుగుతుంది. గట్టిపడ్డ ఎముక వెనక్కి రాదని డాక్టర్ ముందే చెప్పాడు. నా కోపమూ తగ్గలేదు.

ఇంట్లో ఎవరికైనా నడుమో మెడో బిగుసుకుంటుంటే, డాక్టర్‌కు చూపించడంతో ఆగకండి. మీరు తాగే నీళ్ళను ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పరీక్షించే ల్యాబుకు పట్టుకెళ్ళి పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ ఎంతుందో కాగితం మీద రాసివ్వమనండి. నీళ్ళు బాగానే ఉన్నాయి పొమ్మంటారు. అంకె చేతికి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.