యాంబా వెనకే కోడలు

ఈ మధ్య కోడలు లమూసా తన వెనకే తిరుగుతోందని యాంబా తాప్సోబా కనిపెట్టాడు. పెరట్లోకి పోతే పెరట్లో ఉంటుంది. గేటు దాకా పోతే చీపురు పుచ్చుకుని అక్కడే ఊడుస్తుంటుంది. కుర్చీలోంచి లేస్తే చాలు, సంగటి కెలికే తెడ్డు వదిలేసి తలెత్తుతుంది. పాపం, చూసీ చూడనట్టు చూడటం ఆమెకు చేతకాదు. మనుషుల్ని చూసే బతికిన నటుడికి ఆ చూపు పట్టుబడకుండా ఉంటుందా?

మోసీ తెగ వాళ్ల ఇళ్లలో కోడలు మామ నడకను గమనిస్తోందంటే మంచి శకునం కాదు. ఇంటి పెద్ద పోయాక ఆ ఇంటికి కోడలిగా వచ్చినవాళ్లలో ఒకతె ఆయన అంగీ తొడుక్కుని, టోపీ పెట్టుకుని, కర్ర పట్టుకుని, కర్మకాండ ముగిసేదాకా ఆయనై తిరుగుతుంది. ఆయనలాగే దగ్గుతుంది, ఆయనలాగే కసురుకుంటుంది. జనం ఆమెను ఆయన పేరు పెట్టే పిలుస్తారు, ఆయన వాటా సంగటి ఆమెకే పెడతారు. ఆమెను కురిత అంటారు. బతికుండగా చూసి పెట్టుకోనిదే ఆ వేషం రాదు. అలాగని బతికున్నవాడి ఎదుట కట్టనూ కూడదు, కడితే చావుకు కబురు పెట్టినట్టే.

అసలు యాంబాకు నటన నేర్పింది ఒక కురితే. తండ్రి పోయినప్పుడు బాబాయి భార్య తండ్రి వేషంలో వాకిట్లోకి వచ్చింది. చిన్నవాడు గదా, నాన్నా అంటూ పరిగెత్తి కాళ్లు చుట్టేశాడు. మనిషి నడకను ఇంకో మనిషి ఎత్తుకుపోవచ్చని ఆ రోజు తెలిసింది. పెద్దయ్యాక రాజధాని వాగడూగు చేరి గాడిద బండి మీద నీళ్ల పీపాలు తోలాడు. ఒకనాడు గాడిద నడిరోడ్డున మొరాయించింది. అతను తిట్టిన తిట్లు విని అటుగా పోతున్న సినిమా డైరెక్టరు కారు ఆపాడు. ఆ తిట్టులో రాజసం ఉందట! గాడిదకు మాత్రం అదేమీ తెలిసినట్టు లేదు, కదల్లేదు.

మొదటి సినిమాలోనే ఊరి దొర వేషం. ప్రాణాలు తినేదని నింద వేసి ఒక ముసలమ్మను ఊరవతలికి వెళ్లగొట్టే దొర. ముసలమ్మ ముఖం కూడా చూడకుండా కర్రతో దారి చూపిస్తాడు. ఆ బొమ్మ ఆడాక సంతలో మిరపకాయల ఆమె అతనికి సరుకు అమ్మనంది. ఆడవాళ్లు పిల్లల్ని చాటుకు లాక్కునేవారు. ఆ తర్వాత ఎన్ని వేషాలు వేసినా దేశమంతా అతన్ని దొరా అనే పిలిచింది. అతనికీ అది లోపల తీపిగానే ఉండేది.

చదువు రాదు. మాటలు ఎవరైనా ఒకసారి చదివి వినిపిస్తే చాలు, రాయి మీద చెక్కినట్టే. ఇంటికొచ్చాక భార్య తెంపోకో జొన్నలు దంచుతూ అవతలి పాత్ర మాటలు అందించేది, ఇతను తనవి అప్పజెప్పేవాడు. ఒక్క మాట జారితే రోకలి ఆపి నవ్వేది. ఆమె పోయి ఆరేళ్లయింది. సినిమాలూ తగ్గాయి. ఇప్పుడు కొడుకు రస్మానె ఇంట్లో ఇతను, కోడలు, ఒక కుర్చీ.

వానలు వెళ్లాక కొడుకు అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు ఇతన్ని బయట కూర్చోబెట్టి కొడుకుతో చాలాసేపు మాట్లాడాడు. దారిలో అడిగితే వయసు మీద పడింది నాన్నా అని ముక్తసరిగా తేల్చేశాడు. అప్పటినుంచి అన్నీ అపశకునాలే. గేటుకు తాళంతో కొత్త గడియ పడింది. ఊరినుంచి యాంబా అన్న వచ్చి ఇతనితో రెండు మాటలు మాట్లాడి, కోడలితో పక్కకు పోయి గుసగుసలాడాడు. గడియ పడకముందు కొన్ని సాయంత్రాలు తన చెప్పుల నిండా రోడ్డు దుమ్ము కనబడేది, ఎక్కడికీ వెళ్లిన గుర్తు లేదు. వాటన్నిటికంటే పక్కింటి పారే అతన్ని ఎక్కువ భయపెట్టాడు.

పారే సామో తెగవాడు. సామోకీ మోసీకీ తాతల నాటినుంచి సరసం వరస. ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే, తిట్టకపోతేనే తప్పు. "గాడిదల కాపరీ, ఇంకా చావలేదా నువ్వు?" అని పారే పొద్దున్నే గోడ మీదినుంచి పలకరించేవాడు. "కుక్క తలకాయలు తినేవాడా, నీ చావు కూడు తిన్నాక చస్తాలే," అని ఇతను అనేవాడు. అలాంటి పారే ఇప్పుడు "బాగున్నావా అన్నా?" అంటున్నాడు. సామో మనిషి మోసీవాణ్ణి మర్యాదగా పలకరించాడంటే ఇక గొయ్యి తవ్వినట్టే. యాంబాకు ఆ రోజు అన్నం సహించలేదు.

చచ్చేది తనైనప్పుడు తనకు చెప్పకపోవడం ఏమిటి? ఎంతకాలం ఉందో తెలియాలి. ఆ ఒక్కటీ తేల్చుకోవాలనుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఎడారి గాలికి ఆకాశమంతా దుమ్ము పట్టి ఉంది. రస్మానె వాకిట్లో మోపెడ్ టైరుకు పంక్చరు వేస్తున్నాడు. యాంబా కోడల్ని పిలిచి తన టోపీ, కర్ర ఆమె ముందు పెట్టాడు.

"నన్ను చేసి చూపించు," అన్నాడు.

"ఏం మాట మామా అది!"

"నాకు తెలుసులేమ్మా. బతుకంతా ఒకళ్ల నడకలు దొంగిలించి తిన్నోణ్ణి, నాది దొంగిలిస్తా ఉంటే తెలీదా? డాక్టరు ఎన్నాళ్లు అన్నాడు?"

"నాళ్ల సంగతి ఏం చెప్పలేదు."

"అయితే చెయ్యి. తప్పుంటే దిద్దుతా. చచ్చినాక దిద్దలేను గదా."

ఆమె ఏడుపు ముఖంతో భర్త వైపు చూసింది. రస్మానె తలెత్తలేదు. కురిత పని తనకెవరూ చెప్పలేదని, తనేమీ నేర్చుకోవడం లేదని లమూసా మొత్తుకుంది. ముసలాయన వినలేదు. చివరికి ఆమెకు కోపం వచ్చింది, టోపీ లాక్కుని తలకు పెట్టుకుంది.

దొరగారి నడక వస్తుందని యాంబా ఎదురు చూశాడు. రాలేదు. ఆమె చిన్న చిన్న అడుగులతో, ఒక చేత్తో గోడ తడుముకుంటూ గేటు దాకా పోయింది. గడియ లాగి చూసింది, అది రాలేదు. వెనక్కి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ముఖంలో భయం లేదు, చిన్న చిరాకు మాత్రం ఉంది. గొంతు అచ్చం అతనిదే.

"తెంపోకో ఇంకా సంతనించి రాలేదా? పొద్దు గూకుతాంది. ఎవురూ ఎదురు పోలేదా?"

నేనెప్పుడన్నాను అని అడగబోయాడు యాంబా. కొడుకు టైరు మీదికి వంగి ఏడుస్తున్నాడు. అడగబుద్ధి కాలేదు.

"రోజూనా?" అన్నాడు.

"పొద్దు వాలితే చాలు మామా. గడియ లేనప్పుడు సంత దాకా పొయ్యేవోడివి. పారే బాబాయి ఎతికి తీసుకొచ్చేవోడు. అందుకే నీ ఎనకే తిరుగుతుంటి."

చావు గురించి అతనికి బెంగ లేదు. సినిమాల్లో ఎన్నోసార్లు చచ్చాడు, ఎలా పడాలో తెలుసు. ఇది అలాంటిది కాదు. ఆ మాటలు రోజూ తన నోటినుంచే వచ్చాయట, తను మాత్రం అక్కడ లేడు. మరి తన కాళ్లను సంత దాకా నడిపించింది ఎవరు?

"నేనట్లా అడిగితే మీరేం చెప్తారు?"

"ఫస్టులో నిజమే చెప్పినాం. ఆమె అప్పుడే పోయినట్టు నేల మీద పడి ఏడ్చినావు. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. దారిలో ఉంది, వస్తాంది అంటాం."

యాంబా చెయ్యి చాచి టోపీ తీసుకుని తన తలకు పెట్టుకున్నాడు.

"అదే చెప్పండి. ఆ మాట మార్చొద్దు. నేనే వచ్చి నిజం చెప్పమని బతిమాలినా మార్చొద్దు."

పారే వాళ్ల గోడ మీదినుంచి సాయంత్రపు ఎండ దిగుతోంది. లమూసా పొయ్యి దగ్గరికి పోయింది గానీ తెడ్డు ముట్టుకోలేదు. యాంబా కుర్చీ చేతుల్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, లేవకుండా కూర్చోవాలని చూస్తున్నాడు.