రేసు బండి, ఆయన కుడిచెయ్యి

మా తమ్ముడి రేసు బండి మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉండేది. నాలుగు లావుపాటి చక్రాలు, మధ్యలో మోటారు సైకిలు సీటు, హ్యాండిలు. బీచిలో టూరిస్టులను ఎక్కించుకుని తిప్పే బండే కదా అనుకునేవారు చూసినవాళ్ళు. కాదు, అది పోటీల కోసం తయారైన బండి. నడిపేవాడు మా తమ్ముడు. దాన్ని బతికించేది మా ఆయన.

మా ఆయనకు చీపురుపల్లిలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపు ఉండేది. తమ్ముడికి విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం. ఆదివారం చర్చి అయ్యాక బండిని వ్యానుకెక్కించి కళింగపట్నం బీచికి తీసుకెళ్ళేవాడు. సాయంత్రం దాకా ఇసుకలో తిప్పి, తెచ్చి మా షెడ్డులో పెట్టి వెళ్ళిపోయేవాడు. అసలు పని అప్పుడు మొదలయ్యేది. ఉప్పుగాలీ ఇసుకా కలిసి ఇనుమును కొరుక్కు తినేస్తాయి. ఆయన వెనక ఇరుసు బేరింగులకు పాత గ్రీజు తీసి కొత్తది పట్టించేవారు. ముందు చక్రాలను రెండు చేతులతో పట్టుకుని ఊపి, ఎక్కడైనా వదులుందేమో చూసేవారు. చైనును లింకు లింకూ తోమేవారు. గాలి పీల్చే ఫిల్టరుకు ఒక స్పాంజి ఉంటుంది, దాన్ని కడిగి పెరట్లో తీగ మీద నా బట్టల పక్కనే ఆరేసేవారు.

"ఏటండి, సర్చికి కట్టుకెళ్ళే సీర పక్కన ఆరేస్తారేటి దీన్ని?" అని నేను విసుక్కుంటే, "అది దాని ముక్కే. ముక్కు మూసుకుపోతే బతుకుతాదేటి?" అనేవారు. నాతో అంత ఓపిగ్గా మాట్లాడింది తక్కువ. ఆ బండంటే నాకు గిట్టేది కాదు.

ఆ ఏడాది పోటీకి ఇంకా మూడు నెలలుందనగా, వెనకనుంచి ఏదో రాపిడి చప్పుడు వస్తోందని చెప్పి తమ్ముడు డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆయన బండి వెనక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తి, గేరు వేసి, చక్రాలు గాలిలో తిరుగుతుంటే చెవిపెట్టి వింటున్నారు. ఇంజిన్ నడుస్తుండగా చైను జోలికి పోవద్దని షాపుకొచ్చే ప్రతివాడికీ చెప్పే మనిషి ఆయన. ఆ రోజు చేతిలో గుడ్డ ఉంది. చైను మీద ఏదో అంటుకున్నట్టు కనబడిందట. తుడవబోయారు.

నేను వంటింట్లో చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తున్నాను. ఇంజిన్ చప్పుడు ఒక్కసారిగా గొంతు నొక్కినట్టు మారి, మళ్ళీ మామూలైంది. కేక ఏదీ వినబడలేదు. ఎందుకో చెయ్యి కూడా కడుక్కోకుండా షెడ్డులోకి వెళ్ళాను. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహం తెల్లగా పాలిపోయింది. బండి ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఇంజినాపు," అన్నారు మెల్లగా. "హేండిలు కాడ ఎర్ర తాడున్నాది. లాగీ."

లాగాను. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో కిందికి చూశాను.

ఆటోలో విజయనగరం దాకా ఆయన అన్నది ఒక్కటే మాట. "నానే సెప్తాను గదా అందరికీ. నానే సెప్తాను." ఆసుపత్రిలో డాక్టరు చూపుడు వేలూ మధ్యవేలూ నలిగిపోయాయని, అతికించడం కుదరదని చెప్పాడు. నేను చీర కొంగులో కట్టి తెచ్చినవి ఎవరో నర్సు నా చేతిలోంచి తీసుకుంది. ఏం చేసిందో అడగలేదు.

సాయంత్రం తమ్ముడు వచ్చి మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. "బండి అమ్మీస్తాను బావా. నాకొద్దు."

"అమ్మీస్తే నా ఏళ్ళు తిరిగొస్తాయేటి?" అన్నారు ఆయన. "పోటీకెల్లు."

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు షెడ్డు తలుపు తెరవలేదు. తర్వాత ఒక పొద్దున స్పానర్ చప్పుడు వినబడి వెళ్ళాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో నట్టు తిప్పుతున్నారు. స్పానర్ జారింది. మళ్ళీ పట్టించారు, మళ్ళీ జారింది. దాన్ని గోడకేసి విసిరికొట్టారు. నేను తీసి ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు.

"నువ్వే తిప్పు."

"నాకేటి తెల్సండి?"

"నాను సెప్తాను. సెప్పింది సెయ్యి."

మొదట చైను కడగాలన్నారు. ఆ రోజు తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గ్రీజులో రక్తం ఎండి నల్లటి పెచ్చు కట్టింది. చైను ఊడదీయించి, రేకు ట్రేలో డీజిలు పోయించారు. నేను అందులో చైను వేసి బ్రష్‌తో తోమడం మొదలుపెట్టాను. ఒకచోట లింకుల మధ్య పోగులు ఇరుక్కుని ఉన్నాయి. అవి గుడ్డవే, గుడ్డవే అని నాకు నేను చెప్పుకుంటూ పట్టకారుతో లాగాను. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"అయ్యిందా?"

"అవ్వలేదు."

"అయ్యేక సెప్పు."

డీజిలు మార్చి మళ్ళీ కడిగాను. అన్నం తినేటప్పుడు నా చేతుల్లో ఆ వాసన ఉంది. సగంలో లేచిపోయాను.

ఆయన మంచి గురువు కాదు. చిన్న తప్పుకీ అరిచేవారు. "బిగిసింది సాలు, ఇంకా తిప్పితే మర పోతాది" అని ఒకసారి, "ఇదేటి బిగింపు, పసిపిల్ల బిగించినట్టు" అని మరోసారి. నేను ఏడ్చిన రోజులూ ఉన్నాయి. అయినా మానలేదు, ఎందుకంటే ఆ కాసేపు తప్ప ఆయన ఇంకెక్కడా నోరు విప్పడం లేదు. షాపు మూతపడింది. చర్చికి పాట మొదలయ్యాక వచ్చేవారు, ప్రార్థన అవ్వకముందే లేచిపోయేవారు, కుడిచెయ్యి జేబులోంచి తీసేవారు కాదు. ఆదివారాలు బండ్ల వెంట తిరిగితే ఇలాగే అవుతుందని వెనక బెంచీలో ఒకావిడ అంది. నాతోపాటు ఆయనా విన్నారు.

పోటీ ఒడిశాలో, మట్టి ట్రాకు మీద. ఆయన రానన్నారు. తమ్ముడితో నేనే వెళ్ళాను. అక్కడి మెకానిక్కుల్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. క్యారేజీ తెచ్చినదాన్ననుకుని ఒకతను నీడలో కుర్చీ చూపించాడు. బండి స్టార్ట్ చేసి వేడెక్కిస్తుంటే ఇంజిన్ లోపల సన్నగా టకటకలాడుతున్నట్టు అనిపించింది. తమ్ముడు అదేం లేదన్నాడు. ఆయనకు ఫోన్ చేశాను.

"ఫోను ఇంజిన్ కాడెట్టు," అన్నారు. పెట్టాను. మళ్ళీ చెవి దగ్గరికి తెచ్చుకునేసరికి, "ఆపీమను. లోపలి సిన్న సైను కొట్టుకుంటంది. తెగితే ఇంజిన్ బిగిసిపోతాది. ట్రాకులోకి దింపకండి," అన్నారు.

తమ్ముడు హెల్మెట్ తియ్యలేదు. "ఒక్క రేసే అక్కా. ఏడాది నుంచి దీనికోసమే గదా. బావ అక్కడ కూకుని ఏటి సూసాడు?"

"దిగు."

"అక్కా!"

"దిగరా."

నేను బండికి ఎదురుగా నిలబడ్డాను. వాడు దిగి, హెల్మెట్ వ్యానులోకి విసిరి, ట్రాకు వైపు నడిచిపోయాడు. మిగతావాళ్ళు దుమ్ము లేపుకుంటూ వెళ్ళడం కంచె పట్టుకుని చివరిదాకా చూశాడు. 

మర్నాడు ఆయన చెబుతుంటే నేను ఇంజిన్ పక్క మూత విప్పాను. లోపలి చైను సాగి వదులైంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచే ముక్క అరిగి, మూత లోపల గోడ గీరుకుపోయింది. తమ్ముడు వంగి చూశాడు. వేగంలో ఉండగా వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుంటే ఏమయ్యేదో వాడికి తెలుసు.  తమ్ముడు, "పార్టు నాను తెస్తాను," అని లేచి వెళ్ళాడు.

ఇప్పుడు ఆయన విజయనగరంలో ఒక స్పేరు పార్టుల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుంటున్నారు. అడిగినదాన్ని అరలోంచి ఎడమచేత్తో తీసి ఇస్తారు. తమ్ముడు ఇంకా పోటీలకు వెళుతున్నాడు. ఇంతవరకు ఏదీ గెలవలేదు. బండి పని నాదే. ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తుంటారు, అరవడం తగ్గింది. చలికాలం పొద్దున్నే లేని వేళ్ళు లాగుతున్నాయంటారు. ఎక్కడ అని అడిగితే ఎడమచేత్తో గాలిలో చూపిస్తారు. నేను అక్కడ చెయ్యి పెట్టలేక, ఊరికే చూస్తూ ఉండిపోతాను.