రెండు వైపుల స్టాండు

మా పెదనాన్న అద్దాలు కోసేవాడు. కోపం ఆయన ముక్కు మీదే ఉండేది, చెయ్యి దానికంటే ముందుండేది. అద్దం వంకరగా పగిలితే సుత్తిని గోడకేసి విసిరేవాడు. పెచ్చులూడితే గోడనే తిట్టేవాడు.

కొట్టు నడిమధ్య తాతయ్య చేయించిన ఇనప స్టాండు ఉండేది. గుడారంలా రెండు వైపులా వాలుగా ఉండే దానికి అటు కొన్ని, ఇటు కొన్ని నిలువెత్తు అద్దాలు ఆనించేవారు. కాళ్ళు నేలకు బిగించినవి కావు. వాటి మధ్య ఎడం తక్కువ, పైన బరువు కొండంత. రెండు వైపులా సమానంగా ఉన్నంతసేపూ ఎవరు గుద్దుకున్నా కదలదు. ఒకవైపు ఖాళీ అయితే రెండోవైపుకు బోర్లా పడుతుంది. అందుకే తాతయ్య కొడుకులిద్దరికీ పదేపదే చెప్పేవాడు.

"అటొకటి తీస్తే ఇటొకటి తియ్యండ్రా. పడేటప్పుడు మాత్రం పట్టుకోకండి, పారిపోండి."

తాతయ్య పోయాక కొట్టు పెదనాన్నకు వచ్చింది, సరుకు చెరిసగం. స్టాండుకు వీధి వైపున్న అద్దాలు పెదనాన్నవి, గోడ వైపువి మా నాన్నవి. రోజూ తిట్టుకుంటూనే కలిసి పనిచేసేవారు. ఒకరోజు నాన్న ఓ నిలువుటద్దాన్ని వేలెడు తక్కువ కోశాడు. పెదనాన్న బేరానికొచ్చిన వాళ్ళ ముందే చెంప ఛెళ్ళుమనిపించాడు. నాన్న ఊరుకుంటాడా? కాలరు పట్టుకుని బల్లకేసి గుద్దాడు. ఒకరికి పెదవి చిట్లింది, ఒకరికి పన్ను ఊడింది. ఇద్దరూ నా వాళ్ళేనని చెప్పుకోవడానికి ఆరోజు సిగ్గేసింది.

మర్నాడు నాన్న వ్యాను తెచ్చి తన అద్దాలు ఎక్కించడం మొదలుపెట్టాడు. పెదనాన్న పళ్ళు నూరుతూ చూస్తున్నాడు. నేను అన్నం కారియరుతో గుమ్మంలో ఉన్నాను. నాలుగు అద్దాలు మిగిలాక నాన్న ఆగాడు.

"అన్నయ్యా, నీవి కొన్ని ఇటు మార్చు. బరువంతా నీ వైపే ఉంది."

"నీ వైపు నా అద్దమా? చచ్చినా పెట్టను."

"పోనీ నావి ఈ నాలుగూ ఇక్కడే ఉండనీ. తర్వాత తీసుకుపోతాను."

"నా కొట్లో నీ ముక్క ఒక్కటి కూడా ఉండటానికి వీల్లేదు!"

పెదనాన్న గోడ వైపు దూరి ఆ అద్దాలు లాగి గచ్చుకేసి కొట్టడం మొదలుపెట్టాడు. పెంకులు గుమ్మం దాకా ఎగిరి నా కాళ్ళకు గుచ్చుకున్నాయి. ఆయన అరచేతులు తెగి, రక్తం మోచేతుల దాకా కారుతోంది. ఆయనకు అదేం పట్టలేదు.

"ఆపు! చస్తావు!" నాన్న అరిచాడు.

ఆఖరి అద్దాన్ని పెదనాన్న మోసుకుంటూ చుట్టూ తిరిగి, వీధి వైపుకొచ్చి, నాన్న కళ్ళముందే నేలకేసి బాదాడు. ఆ అదురుకు స్టాండు కిర్రుమంది. గోడ వైపు కాళ్ళు నేల విడిచి లేచాయి. పెదనాన్న వీపు అటుంది, ఆయన చూడలేదు.

నాన్న పారిపోలేదు. స్టాండునూ పట్టుకోలేదు. పక్కనుంచి ఉరికి అన్న డొక్కలో ఎగిరి తన్నాడు. పెదనాన్న విసురుగా వెళ్ళి, మూలనున్న బల్లకు తల కొట్టుకుని, దాని కింద స్పృహ తప్పి పడ్డాడు. చాచిన నాన్న కాలి మీద అద్దాలన్నీ కూలాయి. ఆ చప్పుడు, ఆ తర్వాత నాన్న వేసిన కేక నేను చచ్చేదాకా మర్చిపోలేను.

ఆసుపత్రిలో స్పృహ రాగానే పెదనాన్న కేకలు లంకించుకున్నాడు. "వాడు నన్ను తన్నాడు! కన్నతండ్రిలా పెంచితే నన్నే తన్నాడు! ఎక్కడున్నాడు, చంపేస్తాను!"

"పక్క మంచం మీద," అన్నాను నేను ఒళ్ళు మండి. "వెళ్ళి చంపు."

ఆయన తల తిప్పాడు. దుప్పటి కింద నాన్న కుడికాలు మోకాలి దాకానే ఉంది.

ఇప్పుడు ఇద్దరూ ఆ కొట్లోనే కూర్చుంటారు. తిట్లూ అవే. పెదనాన్న దగ్గినప్పుడల్లా పక్కటెముకలు పట్టుకుని వంగిపోతాడు. అవి సరిగ్గా అతుక్కోలేదనీ, ఆపరేషన్ చేస్తే నొప్పి పోతుందనీ డాక్టరు చెప్పాడు. చేయించుకోమని నేను పోరుపెట్టాను.

"వద్దమ్మా," అన్నాడు, చెయ్యి అక్కడే పెట్టుకుని. "నా తమ్ముడి కాలు ఆఖరిసారి తగిలింది ఇక్కడే. ఉండనీ."