మామగారి పైపు పొగాకు

మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళికని కొండాపురం వైపు వెళ్తుంటే, దారి పక్క పొలాల్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల నుంచి ఆకు మగ్గుతున్న వాసన వచ్చింది. డ్రైవరు గబగబా అద్దాలు ఎత్తబోతే నేనే వద్దన్నాను. ఎండుగడ్డీ కాగిన బెల్లమూ కలిసినట్టుండే ఆ వాసన నా వయసు వాళ్ళకు కొత్తేమీ కాదు. నాకు మాత్రం అది ఆత్మకూరులో మా మామగారి అరుగును గుర్తుకు తెచ్చింది. ఆయన పోయి చాలా కాలమైంది, మావారు పోయి రెండేళ్ళయింది; ఆ ఇంటి సంగతులు చెప్పుకోవడానికి నాకు తోడెవరూ మిగలలేదు గనుక మీతో చెబుతున్నాను.

మామగారు ఉదయగిరి కొండల్లో ఫారెస్టు రేంజరుగా చేసి, రిటైరయ్యాక ఆత్మకూరులో స్థిరపడ్డారు. పై అధికారి ఒకాయన దగ్గర అబ్బిన పైపు అలవాటు ఆయన్ని విడిచిపెట్టలేదు. మద్రాసు నుంచి తెలిసినవాళ్ళు తెచ్చే సీమ పొగాకు డబ్బా తప్ప మరొకటి ముట్టేవారు కాదు. కౌలు సంగతి గానీ, పెళ్ళి సంబంధం గానీ, గోడలకు సున్నం వెయ్యడం గానీ, ఏదైనా ఆయన చెవిన వేసి ఊరుకోవాలి. ఆయన పైపు నింపి, వెలిగించి, అది పూర్తిగా కాలేదాకా ఆలోచించి అప్పుడు జవాబు చెప్పేవారు. పైపు లేకుండా చెప్పిన మాటకు విలువ లేదని ఆయన నమ్మకం.

డెబ్బైల చివర్లో, నేను కాపురానికి వచ్చిన ఏడాదికి, ఉదయగిరి హైస్కూల్లో తెలుగు టీచరుగా నాకు ఆర్డరు వచ్చింది. పదిహేను రోజుల్లో చేరాలి. రోజూ బస్సులో వెళ్ళి రావడం అయ్యే పని కాదు, వారమంతా అక్కడే గది తీసుకుని ఉండాలి. మావారికి ఇష్టమే కానీ తండ్రి ఎదుట నోరు విప్పేవారు కాదు. నేనే ధైర్యం చేసి మామగారి చెవిన వేశాను. సరిగ్గా ఆ వారమే డబ్బా అడుగంటింది, మద్రాసు అంగడికి ఇక సరుకు రాదని కబురూ వచ్చింది. ఆయన ఖాళీ పైపు నోట్లో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేవారు. అలా ఎనిమిది రోజులు గడిచిపోయాయి. జవాబు లేదు.

చదువుకున్నదాన్ని కదా, ఖాళీ డబ్బా మీది ఇంగ్లీషు అక్షరాలు చదివాను. తీపి కలిపి అదిమిన పొగాకు అని ఉంది. తీపి అంటే నాకు తెలిసింది అరిసెల పాకమే. కొండాపురం చుట్టాలింటి నుంచి వచ్చిన పసుపుపచ్చ వర్జీనియా ఆకును తరిగి, ఉండపాకం పట్టి, అందులో వేసి కలిపాను. మామగారు ఆశగా వెలిగించుకున్నారు. పైపు బుసబుసమంది, రెండుసార్లు ఆరిపోయింది, మూడోసారి గట్టిగా లాగేసరికి వేడి పాకం నాలుక మీదికొచ్చింది. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మామగారి తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే ఆవిడ, నోట్లో చుట్ట జారిపోయేటట్టు నవ్వింది.

“ఏందమ్మే, పొగాకుతో అరిసెలు చేసినావే! నన్నడిగితే నోరు పడిపోతాదా?”

అరవై ఏళ్ళుగా చుట్ట కాలుస్తున్న మనిషిని వదిలి డబ్బాను అడిగినందుకు నాకు సిగ్గేసింది.

ఆవిడ చెప్పినట్టే చేశాను. నిరుటి ఆకు తీసుకుని ఈనెలు లాగేశాను. నాలుగు పాళ్ళు ఆ పసుపుపచ్చాకు, ఒక పాలు ఆవిడ చుట్టల నాటాకు. గ్లాసు నీళ్ళలో చెంచాడు ఉదయగిరి కొండతేనె, అదీ చేత్తో చిలకరించడమే. గుడ్డలో చుట్టి తిరగలి రాయి కింద మూడు రోజులు ఉంచి, కత్తిపీట మీద సన్నగా తరిగి, పిడికిట పట్టి వదిలితే మెల్లగా విచ్చుకునేదాకా నీడన ఆరబెట్టాను. అవ్వ చిటికెడు తీసి ఆకులో చుట్టి, తను ఒక దమ్ము లాగి నా చేతికిచ్చింది. ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి, నేనూ లాగాను. మొదట ఎండుగడ్డి వాసన, తర్వాత వేయించిన వేరుశెనక్కాయల కమ్మదనం, చివర్లో నాటాకు మిరియంలా గొంతులో తగిలింది. నాలుక మాత్రం మండలేదు. ఇక దగ్గు సంగతి చెప్పను.

గడువు మూడు రోజులుందనగా, పొద్దున కాఫీ అయ్యాక మామగారు అనుమానంగానే పైపు నింపుకున్నారు. ఒక్కసారి కూడా ఆరలేదు. అడుగుదాకా సమంగా కాలి తెల్లటి బూడిద మిగిలింది. నేను గుమ్మం వెనక, అవ్వ అరుగు మీద.

“ఎవురు కలిపినారమ్మా ఇది?”

“నీ కోడలే.”

ఆయన కాసేపు బూడిద వంక చూశారు. “ఆయమ్మి బడికి పోతే, ఇంక ఇది కలిపేదెవురు?”

ఉద్యోగం కోసం చేసిన పొగాకే ఉద్యోగానికి అడ్డం వచ్చింది.

“రే, ఆదివారం బడుండదు గదరా!” అని అవ్వ లేచింది. “వారానికి సరిపడా కలిపి రాయి కింద పెట్టి పోతాది, తీసి తరిగేది నేను చూసుకుంటా. నీ గొట్టం కోసరం దాని ఉద్యోగం తగలబెడతావా ఏంది?”

మామగారు పైపు దులిపి మళ్ళీ నింపారు. ఒకే విషయానికి రెండోసారి నింపడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. అది కాలినంతసేపూ నేను గుమ్మం పట్టుకునే నిలబడ్డాను.

“పో అమ్మాయ్,” అన్నారు చివరికి. “శనివారం సాయంత్రం బస్సుకు మాత్రం వచ్చెయ్యాల.”

ఆరేళ్ళు వచ్చాను. ఆయన పోయాక కూడా ఒక ఆదివారం అలవాటుగా ఆకు తడిపి, అప్పుడు గుర్తొచ్చి అలాగే కూర్చుండిపోయాను.

ఇప్పటి ఆడపిల్లలు ఉద్యోగంలో చేరాక ఇంట్లో చెబుతున్నారు. అదే మంచిది, ఎవరి పైపు వెలిగేదాకానో ఎవరూ గుమ్మం వెనక నిలబడకూడదు. కానీ ఈ రోజుల్లో నేనెవరినైనా ఏదైనా అడిగితే, అడగడం పూర్తికాకముందే ఫోనులో “సరే” అని వస్తుంది. నా గురించి ఒక మనిషి రెండు పైపులు కాలేంతసేపు ఆలోచించిన రోజు ఒకటి ఉండేదని అప్పుడు తలుచుకుంటాను.