తడి ఆరకుండా మెట్‌పల్లి దాకా

ఉగాదికి ఇల్లు కడగడం మా వైపు పెద్ద పని. మంచాలు, డబ్బాలు, దేవుడి పటాలు, అటక మీది ఇత్తడి బిందెలు అన్నీ వాకిట్లోకి వస్తాయి. మొన్నటి ఉగాదికి మెట్‌పల్లిలో మా చిన్నమ్మ కూతురు రాజవ్వ వాటితోపాటు ఆరు రాళ్ళను కూడా కడిగింది. బ్లీచింగ్ పౌడర్ వేసి, కొబ్బరిపీచుతో రుద్ది, డాబా మీద ఎండబెట్టింది. తెల్లగా మెరిశాయట. మా ప్రయాణానికి కారణం అదే.

ఆ రాళ్ళు ఆమె భర్త లచ్చన్న బావ ఉప్పునీటి అక్వేరియంలోవి. బావ ఇరవై రెండేళ్ళు బహ్రెయిన్‌లో ఉన్నాడు. ఎక్కువకాలం ఒక పెద్దింట్లో గోడంత అద్దాల తొట్టిని శుభ్రం చేసి, చేపలకు మేత వేసే పని. తిరిగొచ్చాక ముందుగదిలో నాలుగడుగుల తొట్టి పెట్టుకున్నాడు. అందులో నారింజ రంగు మీద తెల్లచారలున్న రెండు క్లౌన్ చేపలు. అలాంటి తొట్టిలో రాయి అందం కోసం కాదు. దాని రంధ్రాల్లో కంటికి కనపడని క్రిములు, ఊదారంగు నాచు, సన్నటి పురుగులు కాపురముంటాయి. చేపల మలినాన్ని విషం కాకుండా ఆపేవి అవే. అందుకే దాన్ని లైవ్ రాక్ అంటారు. కడిగి ఎండబెడితే మిగిలేది ఉత్త రాయి.

బావ ఆ రోజు చుట్టాలబ్బాయి అక్షరాభ్యాసానికి బాసర వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి రాజవ్వ తెల్లటి రాళ్ళను మళ్ళీ తొట్టిలో పెట్టబోతోంది. ఆపాడు, అంతే. చేపలను ప్లాస్టిక్ టబ్బులోకి మార్చి, గాలి మోటారు పెట్టి, రోజుకు రెండుసార్లు నీళ్ళు మార్చడం మొదలుపెట్టాడు. ఆ నీళ్ళకు వంటుప్పు పనికిరాదు, తొట్ల కోసమే అమ్మే ఉప్పు కావాలి. ఇంట్లో ఉన్నది నాలుగు రోజులకు సరిపోతుంది. కొత్తది రావడానికి వారం పైనే.

రాజవ్వ నాకు ఫోన్ చేసింది. “అన్నా, తిట్టినా మంచిగుండు. తిడ్తలేడు. టబ్బు కాడ్నే కూసుంటుండు. గా చాపలు సస్తె నేను ఆ ఇంట్ల ఎట్ల తిరగాలె?”

నాగ్‌పూర్‌లో దేశ్‌పాండే అనే పెద్దాయన తొట్టి ఎత్తేసి పుణెలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. బావకు ఫోనులో పరిచయం. రాళ్ళు ఇస్తానన్నాడు కాని పార్సిల్లో పంపనన్నాడు. మనిషే రావాలి. బావ టబ్బును వదిలి కదలలేడు. “నేను పోత” అంది రాజవ్వ. పత్రికాఫీసు ఉద్యోగంలో ఆదిలాబాద్‌లో గడిపిన ఏళ్ళ పుణ్యాన నాకు కొంత మరాఠీ వచ్చు. కరీంనగర్ నుంచి ముందురోజు సాయంత్రమే మెట్‌పల్లి చేరాను.

మంగళవారం ఉదయం 6.10కి ఆర్మూరు బస్సు. రాజవ్వ ఒళ్ళో థర్మాకోల్ పెట్టె, సంచిలో జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. నా చంకలో పాత దినపత్రికల కట్ట. రాళ్ళను తడి కాగితంలో చుట్టి తేవాలని బావ చెప్పాడు. ముప్పై ఏళ్ళు పత్రికలో పనిచేసినవాడికి ఇంతకంటే పనికొచ్చే బాధ్యత ఎవరూ అప్పగించలేదు. ఆర్మూరులో బస్సు మారి, నిర్మల్ మీదుగా 10.50కి ఆదిలాబాద్ చేరాం. ఆధార్ కార్డు చూపించి రాజవ్వ అంతదూరం ఉచితంగానే వచ్చింది. 11.30కి మహారాష్ట్ర బస్సు ఎక్కితే, సరిహద్దులోని పెన్‌గంగ నది దాటాక ఆడవాళ్ళకు సగం టికెట్టని కండక్టర్ చెప్పాడు.

“ఆడ సున్నా, ఈడ సగం. నేను గదే మనిషిని గదన్నా?” అంది రాజవ్వ. రాళ్ళు కడిగిన రోజు తర్వాత ఆమె వేసిన మొదటి జోకు.

పాండర్‌కవడాలో పది నిమిషాలు ఆపారు. చాయ్, వేడి ఆలూబోండా. హింగన్‌ఘాట్ దాటాక ఆమె నిద్రపోయింది, పెట్టె మీద రెండు చేతులూ వేసుకుని. 4.45కి నాగ్‌పూర్.

దేశ్‌పాండే ఇంట్లో సగం సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కింది. తొట్టి మాత్రం వెలుగుతోంది. ఈ దారిన వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: మన సముద్రంలోంచి పగడపు రాళ్ళు తీయడం, అమ్మడం నేరం. ఈయనవి సిమెంటు, గవ్వల పొడి కలిపి స్వయంగా పోసుకున్న దిమ్మలు. పదిహేనేళ్ళు ఉప్పునీటిలో ఉండి ప్రాణం పోసుకున్నాయి.

ఆయన హిందీలో మొదట అడిగింది ఒకటే. “మీ రాళ్ళను ఎవరు చంపారు?”

ఎవరి పేరూ రాకుండా వార్త రాసే పద్ధతి ఒకటి మాకుంది. “రాళ్ళు పాడయ్యాయి” అన్నాను.

“మైనే ధోయీ” అంది రాజవ్వ నా వెనకనుంచి. “బ్లీచింగ్ డాల్కే.” బ్లీచింగ్ వేసి కడిగింది తనేనని.

ఆయన ఆమెవైపు తిరిగాడు. తర్వాత కుర్చీ లాగి తొట్టి ముందు కూర్చోబెట్టాడు. “మొదటి ఏడాది నేను చంపినన్ని నువ్వు చంపలేదులే అమ్మా.” ఒక రాయి నీళ్ళలోంచి తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. చల్లటి, ఉప్పటి, పచ్చి వాసన. “ఇది బతికున్న వాసన. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది పోయినట్టు. దాన్ని తీసెయ్యాలి, లేకపోతే మిగతావాటినీ చంపుతుంది. మంచినీళ్ళు ఒక్క చుక్క తగలొద్దు.” ఆయన మరాఠీలోకి మారిపోయాడు, నేను తెలుగులో చెప్పాను. ఆమె మళ్ళీ వాసన చూసింది, ముత్తయిదువలు మొగలిపువ్వు వాసన చూసినట్టు కళ్ళు మూసుకుని.

బస్టాండు దగ్గర లాడ్జిలో రెండు చిన్న గదులు తీసుకున్నాం. ఒక్కోటి ఆరువందలు, ఫ్యాన్లు బాగా తిరిగాయి. ఉదయం అయిదుంబావుకు మళ్ళీ ఆయన ఇంటికి. నేను కాగితాలు తొట్టినీటిలో ముంచి ఇస్తుంటే ఆమె ఎనిమిది రాళ్ళు చుట్టింది. దారిలో చల్లడానికి ఒక సీసా తొట్టినీళ్ళు పోసిచ్చాడాయన. డబ్బు మాట ఎత్తితే చెయ్యి ఊపాడు. పెట్టె మూతపెట్టేముందు మాత్రం మొత్తం ఒకసారి తడిమి చూసుకున్నాడు.

6.40 బస్సు. కండక్టర్ ముక్కు ఎగరేసి, “మచ్ఛీ? చేపలైతే పైన వెయ్యండి” అన్నాడు. బస్సు టాపు మీద ఎండలో పెట్టడమంటే వండడమే. రాజవ్వ పెట్టెను ఒళ్ళోకి తీసుకుని, అడ్డంగా తల ఊపింది. అయిదు గంటలు అలాగే కూర్చుంది. గంటకోసారి మూత కొంచెం తీసి వాసన చూడటం, నాలుగు చుక్కలు చల్లడం.

ఆదిలాబాద్‌లో 12.25కి మన బస్సు దొరికింది. రాజవ్వ పక్కన ఒక ముసలవ్వ కూర్చుంది, ఆర్మూరులో కూతురింటికి పోతోందట. మూత తీసినప్పుడు తడిసిన మూటలు చూసి చేతులు జోడించింది.

“ఏ దేవుడే బాయీ? ప్రతిష్ఠ ఎన్నడు?”

“దేవుడు గాదవ్వా. చాపల డబ్బల ఏసే రాళ్ళు.”

“చాపలకు రాళ్ళెందుకే? జెప్పొద్దని మొక్కుంటే జెప్పకు తియ్” అని అవ్వ మళ్ళీ దండం పెట్టింది.

నిర్మల్ దాటి సోన్ దగ్గర గోదావరి వంతెన రాకముందే టైరు పంక్చరైంది. 2.35. లోపల కూర్చుంటే ఉడికిపోతోంది, జనం దిగి ఏటి ఒడ్డుకు నడిచారు. రాజవ్వ దిగలేదు. సీసాలో నీళ్ళు అడుగంటాయి. పైపొరల కాగితం అక్కడక్కడా ఆరింది. టైరు మార్చడానికి ముప్పావుగంట పట్టింది. ఇంకాసేపట్లో బయల్దేరతామనగా అవ్వ బస్సెక్కింది, చేతిలో చెంబునిండా గోదావరి నీళ్ళు.

“దేవుడు ఎండుతుండే” అంటూ ఆ చెంబును తెరిచిన పెట్టె మీదికి వంచబోయింది.

రాజవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది. “వద్దవ్వా! సస్తయి!”

“గోదారి నీళ్ళు పోస్తె సచ్చే దేవుడు ఏం దేవుడే?” అంది అవ్వ కోపంగా. బస్సంతా నవ్వింది.

రాజవ్వ నవ్వలేదు. చెయ్యి వదలకుండానే చెప్పింది. “ఇంతకుముందు ఇసొంటియే మా ఇంటాయన పానం లెక్క సాదుకున్నడు. సాఫ్ జేస్తున్న అనుకొని నేనే సంపిన. ఇంట్ల రెండు చాపలు ఇయ్యిటి కోసం సూస్తున్నయి. ఉప్పునీళ్ళు దప్ప తాకొద్దు అవ్వా.”

అవ్వ చెంబు వైపు, పెట్టె వైపు చూసింది. “లోపట గదా వద్దన్నది? పైన వద్దనలే గద?” అని మూత వేయించి, తన భుజం మీది తువాలను చెంబులో ముంచి, పిండి, పెట్టె చుట్టూ కప్పింది. ఆర్మూరు దాకా అది ఆరినప్పుడల్లా మళ్ళీ తడిపింది. దిగేటప్పుడు తువాల తీసుకోలేదు. “చాపలు బతికినంక అడిగినట్టు జెప్పుండ్రి.”

ఆర్మూరు బస్టాండులో, 4.15కి, రాజవ్వ అన్ని మూటలూ విప్పి ఒక్కో రాయి వాసన చూసింది. అన్నింటికంటే పెద్దదాని దగ్గర ఆగింది. మళ్ళీ చూసింది. నాకిచ్చింది. నా ముక్కుకు తేడా తెలియలేదు.

“ఇది పోయింది” అంది.

“అంత దూరం నుంచి తెచ్చాం. బావకు చూపించి పారేద్దాం.”

“గంట సేపు దీని పక్కన ఉంటే మిగతయి ఆగం అయితయి అన్నా.” రాయిని తీసుకెళ్ళి ప్రహరీ పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. నాకు చివుక్కుమంది. ఆమె వెనక్కి చూడలేదు.

5.40కి మెట్‌పల్లి. బావ గేటు దగ్గరే ఉన్నాడు. పెట్టె తెరిచి లెక్కపెట్టాడు. “ఎనిమిది అన్నడు గద?”

“పెద్దది వాసనొచ్చింది. ఆర్మూరుల పారేసిన” అంది రాజవ్వ. నేలవైపు చూస్తూ నిలబడింది.

బావ మిగిలిన ఏడింటినీ ఒక్కొక్కటిగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “తేకపోవుడే మంచిగయింది” అన్నాడు. “తెస్తే అన్నీ పోతుండె.” ఆమెనే రాళ్ళు అందించమని, తొట్టిలో పేర్చాడు.

తెల్లారి నేను లేచేసరికి ఇద్దరూ తొట్టి ముందే ఉన్నారు. బావ చిన్న గాజుగొట్టంలో తొట్టినీళ్ళు పట్టి మందు చుక్కలు వేశాడు. ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు, పసుపు రంగులోనే ఉంటే లేనట్టు. అయిదు నిమిషాలు ఆగాం. పసుపు రంగు పసుపుగానే ఉంది. బావ టబ్బులోంచి రెండు చేపలను గిన్నెలోకి తీసి, గిన్నె రాజవ్వ చేతికిచ్చాడు.

“నువ్వే ఇడువు.”

“నాకు బుగులైతుంది.”

“ఏంగాదు. మెల్లగ వంచు.”

చేపలు కాసేపు అద్దానికి అంటుకున్నట్టు నిలబడ్డాయి. తర్వాత చిన్నది రాళ్ళ సందులోకి దూరింది, పెద్దది దాని వెంట. బావ అద్దం మీద వేలు పెట్టి, అక్కడ రాయిలోంచి బయటికొస్తున్న ఈకలాంటి పురుగును రాజవ్వకు చూపిస్తూ, బహ్రెయిన్‌లో దాన్ని ఏమనేవారో చెప్పడం మొదలుపెట్టాడు. నేను 7.30 బస్సుకు బయల్దేరినప్పుడు ఇంకా చెబుతూనే ఉన్నాడు.

జగిత్యాల దాటేదాకా నా పక్క సీటు ఖాళీగానే ఉంది, చొక్కాకు అంటిన వాసన వల్ల కావచ్చు. ఈ దారిలో రాళ్ళ కోసం వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. ఎండాకాలం వద్దు. తొట్టినీళ్ళు రెండు సీసాలు తెచ్చుకోండి, ఒకటి చాలదు. పాత పత్రికలు ఎక్కువగానే పట్టుకెళ్ళండి. వీలైతే, వాటిని ఒకసారి చంపి బాధపడిన మనిషిని వెంట తీసుకెళ్ళండి.