మూల మావయ్య, మొండి పేగులు

మా మావయ్య ఏ పనైనా ముందు ఓ మూల చేసి చూడందే మధ్యలో చెయ్యి పెట్టడు. బల్లలకీ తలుపులకీ పాలిష్ వేయడం ఆయన వృత్తి. బల్ల అడుగున, ఎవరి కంటా పడని చోట ఒక్క చుక్క రాసి, అది ఆరి, రంగు తేలి, మనసు కుదుటపడ్డాకే పైకి వస్తాడు. అంతవరకూ బాగానే ఉంది. కొత్త చొక్కా కొన్నా ముందు ఒక చెయ్యే ఉతుకుతాడు. క్షవరానికి కూర్చుంటే "ముందు చెవి వెనకాల కాస్త కత్తిరించు, చూద్దాం" అంటాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని మూల మావయ్య అంటుంది.

పెళ్లికి ముందు అత్తయ్యతో, "ఓ చిన్న పోట్లాట పెట్టుకుని చూద్దాం, తట్టుకోగలమో లేదో" అన్నాడట.

"ముప్పై ఏళ్లయింది, ఆ చిన్న పోట్లాట ఇంకా తేలలేదు" అంటుంది అత్తయ్య.

మా అక్క ఓ బడిలో సైన్సు టీచరుగా చేరి అప్పటికి ఇరవై రోజులు. నెల రోజులు చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ రెండేళ్లు పైవాళ్ల వెంటపడి ఓ తెల్లబోర్డు తెప్పించుకుంది. దానిమీది ప్లాస్టిక్ పొర కూడా తన చేత్తోనే ఒలిచింది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. సరిగ్గా ఆ బోర్డు మీద మా అక్క జీర్ణవ్యవస్థ బొమ్మ వేసింది, నోటి నుంచి చివరిదాకా, నిలువెత్తున. చేతిలో ఉన్నది చెరిగిపోని మార్కర్ అని చెరపబోయాక తెలిసింది.

"పేగులు పోవట్లేదురా తమ్ముడూ!" అని ఫోన్లో ఏడ్చింది. "నాలుగింటికి ఆవిడ మీటింగు నుంచి వచ్చేస్తుంది. చూసిందంటే నా ఉద్యోగం ఊడినట్టే."

నేను మావయ్యని స్కూటరెక్కించుకుని వెళ్లేసరికి మూడు దాటింది. బడి ఆయమ్మ గిన్నెలు తోమే ఇనుప పీచు పట్టుకుని సిద్ధంగా ఉంది. "తప్పుకోండి, రెండు నిమిషాల్లో తోమేస్తా."

మావయ్య రెండు చేతులూ చాపి బోర్డుకి అడ్డంగా నిలబడ్డాడు. "తోమితే పేగులతో పాటు తోలూ ఊడొస్తుందమ్మా! నునుపు పోయిందంటే రేపట్నుంచి దానిమీద ఏం రాసినా మరకే."

బోర్డుకి ముక్కు ఆనించి చూశాడు. "ముల్లుని ముల్లుతోనే తీయాలి. మామూలు బోర్డు మార్కర్ ఇవ్వు. ఈ గీతల మీదే మళ్లీ గీసి, తడి ఆరకముందే తుడిస్తే, కొత్త సిరాతో పాటు పాతదీ వచ్చేస్తుంది."

"అయితే కానివ్వండి మావయ్యా!"

"ఆగమ్మా. ముందు ఓ మూల చూడాలిగా."

మూలల్లో ఎక్కడా మరక లేదు. మావయ్య ఏమాత్రం తొణక్కుండా ఆ చెరిగిపోని మార్కరే అందుకుని కింది మూల జానెడు గీత గీశాడు.

"ఉన్నవి చాలవా!" అని అక్క కుర్చీలో కూలబడింది.

"పది నిమిషాలు ఎండాలి" అన్నాడు మావయ్య. ఆ పది నిమిషాల్లో అత్తయ్యకి ఫోన్ చేసి, "ఆఁ, కొట్లోనే ఉన్నాను, పనిమీద" అన్నాడు. బడిలో నిలబడి ఆ మాటెందుకన్నాడో మాకు అంతుపట్టలేదు.

మూల గీత పోయింది. మావయ్య తల వంచి వెలుతురుకి ఏటవాలుగా చూసి, నునుపు చెడలేదని నమ్మకం కుదిరాకే నోటి దగ్గర మొదలుపెట్టాడు. అన్నం వెళ్లే దారి వెంబడే వెళ్లాడు. గీయడం, తుడవడం, గుడ్డ మడత మార్చడం. ఎంత తొందరపెట్టినా ఒక్కసారికి జానెడు మించి గీయడు. మూడున్నరకి పొట్ట అయింది. చిన్నపేగు పేరుకే చిన్నది, ఎంత తుడిచినా ఇంకా ఉంటుంది. నాలుగింటికి ఐదు నిమిషాలున్నాయనగా పెద్దపేగు మొదలైంది.

అది ఇంకా మూరెడు మిగిలుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడు.

"ఎవరిదీ నిర్వాకం?" హెడ్‌మిస్ట్రెస్ గొంతు వినగానే ఆయమ్మ పీచు కింద పడేసింది.

అక్క నోరు తెరిచేలోపే మావయ్య ముందుకొచ్చాడు. "నాదేనమ్మా. పాలిష్ పనివాణ్ణి, ఈ టీచరమ్మ మావయ్యని. మొండి మరక ఎలా పోతుందో చూపిద్దామని ఓ మూల గీశాను."

"ఇది మూలా? బోర్డు నట్టనడుమ!"

"కొత్త బోర్డు కదమ్మా. మూల ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను."

"మరి ఈ మెలికలేంటి?"

"చెయ్యి వణుకుతుందమ్మా."

ముప్పై ఏళ్లలో ఎవరి బల్ల నడుమా ఒక్క చుక్క పడనివ్వని మనిషి, వెంట్రుకంత గీతైనా వంకర పోనివ్వని మనిషి ఆ రెండు మాటలూ అన్నాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. హెడ్‌మిస్ట్రెస్ పది నిమిషాలు ఏకధాటిగా తిట్టింది. ఆయన "అవునమ్మా, తప్పేనమ్మా" అంటూ గీస్తూనే ఉన్నాడు, తుడుస్తూనే ఉన్నాడు. తిట్లూ పెద్దపేగూ ఒకేసారి అయిపోయాయి.

ఆవిడ బోర్డు మీద వేలు రాసి చూసుకుంది. గీరు లేదు, మచ్చ లేదు. అక్క వైపు తిరిగి, "టీచరుగారూ, వచ్చే ఏడాది పాఠాలకైనా మీ మావయ్యని రానివ్వకండి" అంది.

వచ్చే ఏడాది అనే మాట అక్కకి బయటికొచ్చాక గానీ తలకెక్కలేదు. ఎక్కగానే మావయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాకోసం అంత అబద్ధం ఆడారా మావయ్యా! అదీ ముందు పరీక్షించకుండా!"

"పరీక్షించకుండానా?" మావయ్యకి నిజంగానే కోపం వచ్చింది. "ముందు మీ అత్తయ్యకి చిన్నదొకటి చెప్పి చూశానుగా!"

"నమ్మిందా?"

"లేదు, ఇట్టే పట్టేసింది. అందుకే ఇక్కడ కాస్త పెద్దది వాడాను."